పలకరింపుకొచ్చిన కుక్క

“ఆ కుక్క ఇవాళ వస్తుందా?” అని అడిగాడు మా ఆయన.

“దాని డ్యూటీ గురువారం కదయ్యా. ఇవాళ మంగళవారం. ముందు ఈ జావ తాగు,” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. జావ తాగాడు, పడుకున్నాడు, బుధవారం తెల్లారేసరికి లేడు. పోయేముందు మొగుడు పెళ్లాం చెయ్యి పట్టుకుని ఏవేవో అప్పగింతలు పెడతాడని విన్నాను. మా ఆయన కుక్క సంగతి అడిగాడు. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు “ఆయన చివరిగా ఏమన్నారమ్మా?” అని అందరి ముందూ అడిగితే, కుక్క అని చెప్పడానికి నోరు రాక “దేవుణ్ణి తలుచుకున్నారండీ” అనేశాను. దేవుడు ఏమీ అనుకుని ఉండడు. ఆయనకూ నవ్వొచ్చే ఉంటుంది.

ఆ కుక్క తాలూకు మేడంగారు మొన్న ఫోన్ చేసి, “అమ్మగారూ, ఇంకో ఆస్పత్రికో ఇంకో బడికో వెళ్లి మా కుక్కని రానివ్వమని అడిగితే నమ్మట్లేదండీ. మీకు జరిగింది మీ మాటల్లో చెప్పి పంపండి,” అన్నారు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకని నేను చెబుతుంటే మా మనవరాలు, కూతురి కూతురు, రాస్తోంది. దాని దస్తూరి ముత్యాలే. రాయడంలో ఎప్పుడూ లోటు లేదు.

లోటల్లా ఇంకో చోట వచ్చింది. ఆరో తరగతిలో ఉండగా దాని నోరు మూతపడింది. మాట్లాడటానికి కాదు, అందులో అది నా మనవరాలే. పుస్తకం పట్టుకుని పైకి చదవడానికి. పైకి చదవకపోతే ఏడుకు పంపం, మళ్లీ ఆరులోనే కూర్చోబెడతామని బళ్లో అన్నారు. ఆ నోరు ఎలా తెరుచుకుందో చెప్పాలంటే ముందు బందరు ఆస్పత్రి దగ్గర మొదలుపెట్టాలి. అమ్మాయ్, నీ గురించి కదా అని సిగ్గుపడి మాటలు మింగకు. చెప్పింది చెప్పినట్టు రాయి.

మాది దివిసీమలో కోడూరు పక్క పల్లె. మా ఆయనకు గుండె బలం తగ్గి, కాళ్లకు నీరు పట్టి, బందరు తీసుకెళ్లి చేర్చాం. మగవాళ్ల వార్డులో గోడ పక్క మంచం ఇచ్చారు. ఆ గోడవైపు తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు. డాక్టరు అడిగినా చెప్పడు, నర్సు అడిగినా చెప్పడు, ముద్ద కలిపి పెడితే నోరు తెరవడు.

“ఏంటయ్యా, నొప్పిగా ఉందా?”

“లేదు.”

“నామీద కోపమా?”

“అదెప్పుడూ ఉండేదే.”

ఆ మాత్రం మాటైనా వచ్చిందని సంతోషించాను.

ఒక గురువారం మధ్యాహ్నం వార్డు గుమ్మంలోంచి కుక్క వచ్చింది. గోధుమరంగు, దూడంత ఒళ్లు, వీపు మీద నీలంరంగు చొక్కా. సబ్బు వాసన గుప్పుమంది. ఆ వార్డులో మా అందరికంటే శుభ్రంగా ఉన్నది అదే. వెనకాల తాడు పట్టుకుని ఒక మేడంగారు. నేను మంచం కింద ఉన్న చెప్పు అందుకున్నాను.

“అమ్మగారూ, ఆగండాగండి! ఇది రోగుల్ని పలకరించడానికి వచ్చిందండీ,” అన్నారావిడ.

“పలకరించడానికా? ఎవరి తరఫు?”

ఆవిడ నవ్వి, నిదానంగా చెప్పారు. ఈ పనికని దీనికి తర్ఫీదు ఇచ్చారట. సూదులన్నీ వేయించారట. డాక్టరుగారి అనుమతి ఉందట. రమ్మన్నవాళ్ల దగ్గరికే వస్తుంది, వద్దంటే వెళ్లిపోతుంది, గట్టిగా అరవదు, మంచం ఎక్కదు.

“అయితే మా ఆడపడుచు కంటే నయం. రమ్మనండి,” అన్నాను.

కుక్క వచ్చి మా ఆయన వీపు వెనకాల మంచం పట్టె మీద గడ్డం ఆనించి నిలబడింది. ఏమీ చేయలేదు. ఊరికే ఊపిరి పీల్చి వదులుతోంది. కాసేపటికి ఆ వెచ్చటి గాలి మెడకు తగిలి మా ఆయన ఇటు తిరిగాడు. దాని మొహం, ఈయన మొహం బెత్తెడు దూరంలో ఉన్నాయి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మా పెళ్లిచూపుల్లో కూడా ఆయన నన్ను అంత తీరిగ్గా చూడలేదు. మెల్లిగా చెయ్యి తీసి దాని చెవి వెనకాల గీరాడు. ఆ పూట అడిగి అన్నం తిన్నాడు.

ఇక మా వార్డు చేసిన ఘనకార్యం. మా వైపు పలకరింపు అంటే వచ్చి చూసి వెళ్లడం కాదు. వచ్చేవాళ్లు బ్రెడ్డో బత్తాయిలో తెస్తారు. మంచం దగ్గరున్నవాళ్లు వాళ్ల నోట్లో ఏదో ఒకటి పడేదాకా కదలనివ్వరు. పాస్టరుగారు ప్రార్థన చేసి లేస్తే ప్లాస్కులో టీ పోస్తాం. రోగి తినకపోయినా పరవాలేదు కానీ, పలకరించడానికి వచ్చినవాళ్లు ఉత్త నోటితో వెళ్లారంటే ఊళ్లో మాటపడాలి. అలాంటిది, అంత ప్రాణి ఎండలో పడి వచ్చి, మంచం మంచం దగ్గరా నిలబడి పలకరిస్తుంటే ఊరుకుంటామా? పెట్టకూడదని మేడంగారు చెప్పలేదు. కుక్కకు విందు చేస్తారని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండరు.

డాక్టరుగారు పిలిస్తే మేడంగారు తాడు పక్క మంచం ముసలాయన చేతికిచ్చి గుమ్మం దాకా వెళ్లారు. అంతే. ముసలాయన ఇడ్లీ పెట్టాడు. పెడన నుంచి వచ్చిన అద్దకం పనాయన ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి పెట్టాడు. కిటికీ దగ్గరాయన నెయ్యి కారే బందరు లడ్డు పెట్టాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? క్యారేజీ విప్పి, ముల్లు తీసి, చేప వేపుడు పెట్టాను. మర్యాద తెలిసిన కుక్క. ఎవరినీ కాదనలేదు.

మేడంగారు తిరిగొచ్చేసరికి అందరం ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నాం. కుక్క ఒక్కటే మూతి నాక్కుంటోంది. అలాగే నడుచుకుంటూ వెళ్లి, సరిగ్గా హెడ్ సిస్టరుగారి బల్ల ముందు ఆగి, తిన్నదంతా కక్కేసింది. ఎవరిది ఏదో గుర్తుపట్టేలా ఉంది.

“ఎవరు పెట్టారు? చెప్పండి! ఎవరు?” హెడ్ సిస్టరుగారి గొంతు బందరు ఊరి మధ్య కోనేరు సెంటరు దాకా వినపడి ఉంటుంది.

అందరం తలలు వంచుకున్నాం. అప్పుడు మా ఆయన, ఆస్పత్రిలో చేరాక ఒక్క డాక్టరుతో ఒక్క ముక్క మాట్లాడని మనిషి, మంచం మీద లేచి కూర్చుని వేలు నావైపు చూపించాడు.

“చేప ఈవిడదేనండీ,” అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. హెడ్ సిస్టరుగారు తిట్టడం మానేసి ఆయన వంక చూశారు. “అరె, పెద్దాయనకి మాటొచ్చిందే!” అన్నారు.

మరుసటి గురువారం కుక్క రాలేదు. దాని కడుపు బాగుపడలేదట. మా ఆయన మళ్లీ గోడవైపు తిరిగాడు. ఈసారి నిజంగానే నామీద కోపం. వార్డంతా కలిసి హెడ్ సిస్టరుగారిని బతిమాలాం. ఆ తర్వాతి వారం మేడంగారు వచ్చారు, నడుముకు ఒక చిన్న సంచి కట్టుకుని. అందులో దాని తిండి, ఎండు గుళికలు.

“పెట్టకపోతే మీ మనసు ఊరుకోదని అర్థమైందండీ. తలా ఒక్క గుళిక, నేనిచ్చిందే, మీ చేత్తో పెట్టండి,” అన్నారు.

తన క్యారేజీ తానే తెచ్చుకుని మన చేత్తో తిని పోయే చుట్టం! అలాంటి చుట్టాలు అందరికీ ఉండాలి.

ఆస్పత్రివాళ్లు ఈ మాట తప్పకుండా వినాలి. ఒకరోజు నేను నేల మీద కొంగు పరుచుకుని పడుకున్నాను. నిద్రపోయాననుకున్నాడు మా ఆయన. కుక్క తల మీద చెయ్యి వేసి, “నాకు భయంగా ఉందిరా,” అన్నాడు. గట్టిగా కాదు, చెవిలో చెప్పినట్టు. చిన్నప్పుడు ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. ఎన్ని తుఫానులొచ్చినా, “ఇదో గాలా?” అనేవాడు. భయం అనే మాట ఆయన నోట నేను వినలేదు. నాతో అంటే నేను ఏడుస్తాను. డాక్టరుతో అంటే పరువు తక్కువ. కుక్కతో అంటే అది ఏడవదు, నలుగురికీ చెప్పదు, ధైర్యంగా ఉండమని సుద్దులు చెప్పదు. గడ్డం ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఆ రోజు నుంచి మందులకు పేచీ పెట్టలేదు. బతికించిందని నేను అనను. గుండె గుండే, కుక్క కుక్కే. కానీ ఉన్న రోజులు గోడను చూస్తూ పోలేదు.

ఆయన పోయాక వచ్చిన గురువారం కుక్క ఖాళీ మంచం దగ్గర చాలాసేపు నిలబడిందని వార్డు ఆయమ్మ చెప్పి కళ్లు తుడుచుకుంది. గుళిక కోసం నిలబడి ఉంటుందిలే అన్నాను. కానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కార్యక్రమాలయ్యాక మా కూతురు నన్ను గుడివాడ తీసుకొచ్చింది. అక్కడే పిల్ల సంగతి తెలిసింది. మా ఇళ్లల్లో సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే, వంతులవారీగా బైబిలు చదువుతారు. మా మనవరాలి వంతు వచ్చేసరికి దానికి కడుపునొప్పి వచ్చేది. ప్రార్థన అవగానే తగ్గేది. ఆమెన్ అనగానే తగ్గే కడుపునొప్పి ఏం కడుపునొప్పో నాకు తెలియదా?

“ఏమే, ఏంటి సంగతి?” అని పెరట్లో పట్టుకున్నాను.

“ఏం లేదమ్మమ్మా.”

“ఏం లేకపోతే ఆ కళ్లల్లో నీళ్లెందుకు?”

బళ్లో ఇంగ్లీషు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయిందట. క్లాసంతా నవ్వారట. మర్నాటి నుంచి ఇది లేచి నిలబడటమే తరువాయి, వెనక బల్లల వాళ్లు ముందే నవ్వు మొదలుపెట్టేవాళ్లట. దాంతో ఇంగ్లీషూ తెలుగూ బైబిలూ అన్నీ బందు. పరీక్షల్లో రాస్తే మార్కులొస్తాయి. పైకి చదవమంటే రాయిలా బిగుసుకుపోతుంది. మా అల్లుడుగారు బెల్టు తీసి చూశారు, సైకిలు కొనిస్తానన్నారు. ఫలితం లేదు. వేసవి సెలవుల ముందు పైకి చదివే పరీక్ష ఉంది, అందులో నోరు తెరవకపోతే మళ్లీ ఆరో తరగతేనని హెడ్ మిస్ గారు కబురు పెట్టారు. అవే బల్లలు. కింది క్లాసు పిల్లల మధ్య ఇది. నవ్వేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఆ మాట దానికి తెలుసు, అందుకే రాత్రిళ్లు కలవరింతలు.

నాకు అప్పుడు మా ఆయన గోడ గుర్తొచ్చింది. గురువారం చూసుకుని బందరు బస్సెక్కి, ఆస్పత్రి వార్డు గుమ్మంలో నిలబడ్డాను. కుక్క నన్ను చూడగానే తోక ఆడిస్తూ వచ్చి నా సంచిలో మూతి పెట్టింది. చేప మర్చిపోలేదన్నమాట.

“మేడంగారూ, మా పిల్లని కూడా పలకరిస్తుందా అండీ? రోగం లేదు, నోరు మూతపడింది,” అన్నాను.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి అంతా విన్నారు. బందరులో రెండు బళ్లకు ఇప్పటికే వెళ్తున్నారట. చదవడానికి జంకే పిల్లలు కుక్క పక్కన కూర్చుని దానికి చదివి వినిపిస్తారట. “తప్పు చదివినా అది నవ్వదు కదండీ. అదొక్కటే దాని గొప్ప,” అన్నారు.

హెడ్ మిస్ గారిని ఒప్పించడం నా వంతు అయింది.

“కుక్కా? స్కూల్లోనా? పేరెంట్స్ ఏమంటారమ్మా?”

“ఏమంటారండీ? సిట్ అంటే కూర్చుంటుంది, స్టే అంటే కదలదు. ఇంగ్లీషు మీడియమేనండీ అది.”

హెడ్ మిస్ గారు నవ్వాపుకోలేక మంచినీళ్లు తాగారు. మేడంగారు వచ్చి సూదుల కాగితాలవీ చూపించాక, పుస్తకాల గదిలో, తల్లిదండ్రులు సరేనన్న పిల్లలకు మాత్రమే అని ఒప్పుకున్నారు.

మొదటిసారి మా పిల్ల చాప మీద కూర్చుని పుస్తకం కాసేపు తిరగేసి, లేచి వచ్చేసింది. రెండోసారి కుక్క చెవిలో ఏదో గుసగుసలాడింది. మూడోసారి నేను కిటికీ పక్కన నక్కి విన్నాను. గొంతు వినిపిస్తోంది! సన్నగా, దోమ గొంతులా. ఒక మాట దగ్గర ఆగింది, కుక్క మీద చెయ్యి వేసి రాసింది, మళ్లీ ఎత్తుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి మాత్రం మూతి ముడుచుకుంది.

“అమ్మమ్మా, సగంలో నిద్రపోయింది అది. గురక కూడా.”

“దానికేం పిచ్చిదానా, మీ తాతయ్య పాస్టరుగారి ప్రసంగం అంతా గురకపెట్టే విన్నాడు. ఇష్టం లేని చోట ఎవరికైనా నిద్రపడుతుందా?”

ఆ మాట నచ్చింది దానికి. ఇంకో వారం పేజీ పేజీ చదివింది. అంతా దారిలో పడిందనుకున్నాను. అప్పుడు మేడంగారి ఫోను. కుక్క మెట్లు దిగుతూ కాలు మడతపెట్టుకుందట. పశువుల డాక్టరు కట్టు కట్టి, కదపొద్దన్నాడట. కుక్కకు కూడా మెడికల్ లీవు! పరీక్ష చూస్తే వచ్చే వారంలోనే. పిల్ల పుస్తకం మూసేసింది. ఆ సాయంత్రం ప్రార్థనలో కడుపునొప్పి మళ్లీ హాజరు.

శనివారం సెలవొచ్చింది. దాన్ని తీసుకుని అవనిగడ్డ దాకా ఒక బస్సు, కోడూరుకి ఇంకో బస్సు, అక్కడినుంచి ఆటో, మా ఊరు వెళ్లాను. ఒక కుక్క లేకపోతే ఊరినిండా కుక్కలే కదా అని నా లెక్క. మా వీధి కుక్కల్లో నెమ్మదైనదాన్ని చూసి, బిస్కెట్లు చూపించి అరుగు మీద కూర్చోబెట్టాను. బిస్కెట్లు ఉన్నంతసేపూ శ్రద్ధగా విన్నది. అయిపోగానే లేచి, పాఠం మధ్యలో ఎదురింటికి వెళ్లి పడుకుంది. మా ఊరి కుక్కకు చదువు మీద గౌరవం లేదు.

“పోనీ గేదె,” అన్నాను.

“గేదెకా?”

“గేదె నవ్వుతుందా ఏంటి?”

పక్కింటి గేదె నిజంగానే నెమ్మది మనిషి. పిల్ల దాని ముందు నిలబడి పుస్తకం తెరిచింది. మొదటి మాట నోట్లోంచి వచ్చేలోపల గేదె నాలుక చాపి, పాఠం ఉన్న కాగితాన్ని మూలనుంచి సగం దాకా లాగి నమిలేసింది. పిల్ల గట్టిగా అరిచి, పుస్తకం లాక్కుని, తర్వాత కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. తన మీద ఎవరూ నవ్వకుండా తనే నవ్వడం, ఎన్నాళ్లకి!

సాయంత్రం ఎండ తగ్గాక అరుగు మీద చాప వేశాను. ఇద్దరం డీలాపడి కూర్చున్నాం.

“ఇంకెవరున్నారమ్మమ్మా? బాతులా?” అంది.

“నేనున్నాను కదే.”

“నువ్వు నవ్వుతావు.”

“ఎలా నవ్వుతానే? నవ్వాలంటే నువ్వు తప్పు చదివావని నాకు తెలియాలి కదా. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. నీ కుక్కకు సిట్టూ స్టే అయినా తెలుసు. నాకు అదీ లేదు. దానికంటే నేనే నయం నీకు.”

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. దానికి నచ్చిందని తెలుస్తూనే ఉంది.

“అయితే దానిలాగే పడుకోవాలి.”

“పడుకున్నాను.”

“కళ్లు మూసుకోవాలి.”

“మూసుకున్నాను.”

“మాట్లాడకూడదు!”

అది మటుకు అన్యాయం. నేను పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకుని కూర్చున్నది లేదు. మొగుడికి సగం చెవుడు నా వల్లే వచ్చిందని మా ఆడపడుచు అనేది. అయినా పళ్లు బిగబట్టాను. పిల్ల నా తల మీద చెయ్యి వేసి, గేదె వదిలిన కాగితం దగ్గర మొదలుపెట్టింది. ఒక మాట దగ్గర ఆగింది. నాలుక దురద పెట్టింది, “పరవాలేదు తల్లీ” అందామని. అనలేదు. నా జుట్టు నిమిరింది, మళ్లీ ఎత్తుకుంది. ఆ గొంతు కొంచెం కొంచెంగా పెరుగుతోంది. అర్థం తెలియని మాటలైనా జోలపాటలా ఉన్నాయి. నేను నిజంగానే నిద్రపోయాను.

లేచేసరికి పక్కింటావిడ అరుగు కింద చేట పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల ఆవిణ్ణి చూసింది. చూసి కూడా ఆపలేదు.

“ఏంటొదినా, పిల్ల ఇంగ్లీషు చదువుతుంటే నువ్వు కుక్కలా పడుకున్నావేంటి?” అంది పక్కింటావిడ.

“కుక్కలాగా కాదమ్మా, కుక్క బదులు,” అన్నాను.

పరీక్ష రోజు పిల్ల నన్ను కూడా బడికి రమ్మంది. సరే, గుమ్మం దాకా అనుకున్నాను. లోపలికి వెళ్లాక అది టీచరమ్మతో చెప్పింది, “మిస్, మా అమ్మమ్మ నా పక్కన కింద కూర్చుంటే చదువుతాను.”

“పెద్దావిణ్ణి కింద కూర్చోబెడతావా? తప్పమ్మా. కుర్చీ వేయిస్తాను.”

“కుర్చీలో కూర్చుంటే కుదరదు మిస్.”

టీచరమ్మకు ఏమీ అర్థం కాలేదు. నేను వెళ్లి కుక్క కూర్చునే చాప తెచ్చి వేసుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. క్లాసు పిల్లలు కిసకిసలాడారు. ఈసారి నా మీద. నవ్వుకోనీ, అనుకున్నాను. పిల్ల మీద నవ్వే నవ్వు నాకు తగిలితే దానికి అంత తగ్గుతుంది.

“పుస్తకం తెరువు. అదేంటి, పేజీ ఏమైంది?” అంది టీచరమ్మ.

“గేదె తిందండీ,” అన్నాను నేను.

అప్పుడు అందరూ పెద్దగా నవ్వారు, టీచరమ్మతో సహా. మా పిల్ల కూడా. ఆ నవ్వు ఆగకముందే అది పక్కపిల్ల పుస్తకం అందుకుని చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక మాట దగ్గర ఆగింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. దాని చెయ్యి కిందికి వచ్చి నా నెత్తి మీద తడుముకుంది, కొప్పు దొరికింది, కొప్పు నిమిరింది. మాట దొరికింది. చివరిదాకా చదివింది. బ్రహ్మాండంగా చదివిందని నేను చెప్పలేను, నాకు తెలియదు కాబట్టి. టీచరమ్మ “పై క్లాసుకు పంపుతాం” అంది. నాకు లేవబోతే మోకాళ్లు పట్టేశాయి, ఇద్దరు పిల్లలు లేవదీశారు.

ఇప్పుడు ఏడో తరగతి. కుక్క కాలు నయమైంది, మళ్లీ పుస్తకాల గదికి వస్తోంది. ఈసారి చాప మీద కూర్చునే పిల్లలు ఇంకొందరు చేరారు. అందులో ఒకడు వెనక బల్లలోంచి నవ్వినవాడేనట. వాడికి కూడా లోపల వణుకేనట. చూశారా మరి!

మేడంగారూ, మీరడిగింది ఇదే. కుక్క ఏం చేస్తుందని పెద్దవాళ్లు అడిగితే, ఏమీ చేయదని చెప్పండి. మనుషులం మనం చేయలేనిది అదే. పక్కన కూర్చుని, ఏమీ చేయకుండా, ఏమీ అనకుండా ఉండటం. నాకు చేతనైంది ఒక్క సాయంత్రమూ, ఒక్క పరీక్షాను. అందుకే మీ కుక్క అన్ని చోట్లకీ వెళ్లాలి. ఎక్కడికెళ్లినా గుళికల సంచి మర్చిపోవద్దు. మాలాంటి వార్డులు ఇంకా ఉంటాయి.

అమ్మాయ్, అయిపోయింది. కలం పెట్టేయి. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. కాదు, నేను పడుకోను. కళ్లు కూడా మూసుకోను. నీ ఎదురుగా కూర్చుంటాను. ఇది ఇంగ్లీషు కాదు, నా మాటలు. ఎక్కడ తప్పు చదివినా నాకు తెలుస్తుంది, చెబుతాను కూడా. మీ అమ్మా నాన్నా వరండాలోనే ఉన్నారు, వినపడుతుంది. వినపడనీ. గట్టిగా, అందరికీ వినపడేలాగే. ఊఁ, చదువు.